జీపులో మూడో మనిషి

పోలీసు సినిమాలు మగవాళ్ళకీ, ఏడుపు సినిమాలు ఆడవాళ్ళకీ అని ఎవరు పంచిపెట్టారో గాని, ఆ పంపకం ఏనాడూ సరిగ్గా జరగలేదు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, పిల్లలు బడినుంచి వచ్చేలోపల దొరికే ఆ గంటన్నరలో మన ఆడవాళ్ళు ఏం చూస్తున్నారో ఒకసారి వాకబు చెయ్యండి. అత్తాకోడళ్ళ సీరియల్ అని పైకి చెబుతారు. చూసేది మాత్రం హత్య కేసు!

అందులోనూ ఒక రకం సినిమా ఉంది. పెద్ద హీరో ఉండడు. విదేశాల్లో పాటలుండవు. ఒక పాత జీపు, అందులో ఇద్దరు పోలీసులు. ఒకడికి రూలు తప్పితే నిద్రపట్టదు, రెండోవాడికి రూలు పుస్తకం తెరిస్తేనే నిద్రొస్తుంది. ఒకడు టీ కూడా డబ్బిచ్చి తాగుతాడు, రెండోవాడు టీ తాగి నాలుగు బిస్కట్లు జేబులో కూడా వేసుకుంటాడు. పైఅధికారి పనిగట్టుకుని ఈ ఇద్దర్నీ ఒకే కేసు మీద వేస్తాడు. సగం సినిమా కీచులాటతో సరి. తర్వాత ఎక్కడో ఒక అర్ధరాత్రి, ఒక చెట్టుకింద, ఒకడి కష్టం రెండోవాడికి తెలుస్తుంది. చివరికి దొంగ దొరుకుతాడు. దొంగ దొరికినందుకు కాదు, ఆ ఇద్దరూ కలిసినందుకు మనం చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటాం.

ఇంగ్లీషువాళ్ళు వీటికి ‘బడ్డీ కాప్’ సినిమాలని పేరు పెట్టారు. బడ్డీ అంటే జతగాడట. మనకి బడ్డీ అనగానే కిళ్ళీ బడ్డీయే గుర్తొస్తుంది గాని, అదీ మరీ తప్పేం కాదు. ఈ ఇద్దరి తగువులూ తీరేది సాధారణంగా అక్కడే కదా!

కుర్రకారుని అడిగితే “టైంపాస్ ఆంటీ” అంటారు. కాలక్షేపానికే అయితే అదే కథ పదోసారి చూడక్కర్లేదు. మరి ఎందుకు చూస్తాం?

నాకు తోచిన మొదటి జవాబు ఇంట్లోనే దొరికింది. ఆ ఇద్దరు పోలీసుల్నీ చూస్తే నాకు తోడికోడళ్ళు గుర్తొస్తారు. నవ్వకండి. స్నేహితురాల్ని మనం ఎంచుకుంటాం. మొగుణ్ణి కూడా, ఏదో పేరుకైనా, మనల్ని అడిగే ఖాయం చేస్తారు. తోడికోడల్ని ఎవరు ఎంచుకున్నారు? అన్నదమ్ములిద్దరికీ పెళ్ళిళ్ళయితే, ఒకరి మొహం ఒకరెరగని ఇద్దరాడవాళ్ళు ఒకే పొయ్యి దగ్గర తేలతారు. ఒకావిడది పులుపు చెయ్యి, ఇంకొకావిడది కారం చెయ్యి. ఒకావిడ తెల్లారకుండానే ముగ్గు పెడుతుంది, ఇంకొకావిడ ఆ ముగ్గు ఎండేదాకా లేవదు. పైఅధికారి, అదేనండీ అత్తగారు, ఇద్దర్నీ ఒకే కేసు మీద వేస్తుంది: సంక్రాంతి పండక్కి ముప్ఫైమంది భోజనాలు! పొద్దుటినుంచీ మూతి విరుపులే. సాయంత్రం ఆఖరి విస్తరి లేచాక ఇద్దరూ పెరట్లో చెరో పీటమీదా కూలబడి కాఫీ తాగుతారు చూడండి, ఆ కాఫీలో ఉండే మాటల్లేని స్నేహమే ఈ సినిమాల ఆఖరి రీలులోనూ ఉంటుంది. 1957లో ఆదుర్తి సుబ్బారావుగారు ‘తోడికోడళ్ళు’ అనే సినిమా తీస్తే ఇళ్ళకి ఇళ్ళు కదిలి వెళ్ళి చూశాయంటే ఊరికేనా!

కాని ఒక తేడా ఉంది. సర్దుకుపోవడం అనే మాట మనకి ఉగ్గుతోపాటు పట్టారు. “సర్దుకుపో తల్లీ” అని చెప్పి పంపని పుట్టిల్లు ఉందా? తీరా చూస్తే ఇంట్లో సర్దుకునేది ఎప్పుడూ ఒక్క మనిషే. ఈ సినిమాల్లో అలా కాదు. ఇద్దరూ జరగాలి. రూలు మనిషి ఒక అడుగు దిగి వస్తాడు, బిస్కట్ల మనిషి ఒక అడుగు ఎక్కి వస్తాడు. ఒక మగవాడు ఇంకో మనిషికోసం తన అలవాటు మార్చుకోవడం తెరమీదయినా కళ్ళారా చూడటం... ఆ సంతోషం మనకే తెలియాలి!

ఈ జంట మనకి కొత్తదీ కాదు. తోలుబొమ్మలాటలో తెల్లవార్లూ దెబ్బలాడుకునే బంగారక్క, జుట్టుపోలిగాడు ఎవరు? బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడే వంతల్లో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఒకరు నవ్విస్తారు, ఒకరు లోకం సంగతి చెబుతారు. ఇద్దరూ ఒక్కలాంటివాళ్ళే అయితే ఎవరు వింటారు? దేశాలు వేరయినా ఈ రుచి మారలేదు. జపానులో కురొసావా 1949లో తీసిన ‘స్ట్రే డాగ్’లో బస్సులో తుపాకీ పోగొట్టుకున్న కుర్ర డిటెక్టివు, అతనికి తోడు ఒక అనుభవజ్ఞుడు, మండుటెండలో టోక్యో వీధులన్నీ తిరుగుతారు. అమెరికాలో 1967లో వచ్చిన ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’లో నల్లజాతి డిటెక్టివుకీ, అతన్ని మొదట దొంగ కిందే జమకట్టిన దక్షిణాది తెల్ల అధికారికీ జత కుదిరింది. దానికి ఉత్తమ చిత్రంగా ఆస్కారు కూడా వచ్చింది. మన దగ్గర 1974లో ‘నిప్పులాంటి మనిషి’లో రామారావుగారి పోలీసు ఇనస్పెక్టరుకీ, సత్యనారాయణగారి పఠానుకీ ముందు కొట్లాట, తర్వాత ప్రాణస్నేహం. హిందీ ‘జంజీర్’ కథే అయినా, మనవాళ్ళు దాన్ని సొంత బిడ్డలాగే ఎత్తుకున్నారు.

ఇవన్నీ పెద్ద పేర్లు. ఈ జంట చవక సినిమాలో ఇంకా ఎందుకు రాణిస్తుంది? కథలు రాసేదాన్ని కాబట్టి ఇందులో కిటుకు కొంచెం తెలుసు. నిర్మాతకి డబ్బుంటే కారు పేలుస్తాడు. లేకపోతే ఇద్దర్ని అదే కారులో కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. మాట్లాడిస్తే మనుషులు బయటపడతారు. ఒక అద్దె జీపు, నాలుగు రోజులకి దొరికిన తోట ఇల్లు, దీపాల ఖర్చు లేకుండా ఎక్కువ భాగం పగటి వెలుతురు. వీటితో గట్టెక్కాలంటే మొహాల్నే నమ్ముకోవాలి. పది గదుల ఇంట్లో అలిగినవాళ్ళు ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు. రెండు గదుల వాటాలో అలిగితే రాత్రి పక్కలు వేసుకునే వేళకి తగువు తెమిలిపోవలసిందే. పేదరికం గొప్పదని నేననను. కాని ఇరుకులో మనిషిని మనిషి చూడక తప్పదు. చవక సినిమా బలం అదే.

నన్నే ఇలాంటి సినిమా ఒకటి రాయమంటే, హైదరాబాదు దాటి ఎక్కువ దూరం వెళ్ళను. హిమాయత్‌సాగర్ దగ్గర పోలీసు అకాడమీ ఉంది. ఒకప్పుడది ఆంధ్రప్రదేశ్ పోలీసు అకాడమీ. ఆ ఇంగ్లీషు పొడి అక్షరాల వల్ల అక్కడి కూడలికి అప్పా జంక్షన్ అని పేరు పడింది. 2014లో రాష్ట్రం రెండై అకాడమీ పేరు మారినా జనం నోట్లో కూడలి పేరు మారలేదు. అకాడమీకి తర్వాత రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారి పేరు పెట్టారు. నిజాం హయాంలో హైదరాబాదు కొత్వాలుగా చేసినాయన. నారాయణగూడలో మహిళా కళాశాల కూడా ఆయన పేరు మీదే ఉంది. పోలీసుల బడికీ, ఆడపిల్లల కాలేజీకీ ఒకే మనిషి పేరు ఉండటం నాకెందుకో ముచ్చటగా ఉంటుంది.

ఆ కూడలినుంచి పడమటికి వెళితే మొయినాబాద్, ఇంకా ముందుకి వెళితే చేవెళ్ళ. దారికి అటూ ఇటూ ఊడలు దిగిన మర్రిచెట్లు. అప్పా జంక్షన్‌నుంచి మన్నెగూడదాకా 46 కిలోమీటర్ల దారిలో ఇవి దాదాపు 900. రోడ్డు వెడల్పు కోసం వాటిని కొట్టొద్దని చెట్లమీద ప్రేమున్నవాళ్ళు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. మొయినాబాద్ పక్కన చిలుకూరు బాలాజీ. వీసాలకోసం ముందు 11 ప్రదక్షిణాలు, పని అయ్యాక 108. జంట జలాశయాల్ని కాపాడటానికి 1996లో వచ్చిన 111 జీవో పెద్ద కట్టడాలకి అడ్డుపడింది. తోటల మధ్య ఫామ్ హౌసులు మాత్రం లేచాయి. 2022 అక్టోబరులో శాసనసభ్యుల్ని కొనే బేరం జరిగిందన్న ఆరోపణతో మొయినాబాద్ ఫామ్ హౌసు పేరు దేశమంతా మోగింది. చేవెళ్ళ వైపు వెళితే టమాటాలూ, పువ్వులూ, కూరగాయలూ. అమెరికా వెళ్ళేవాళ్ళూ, ఆదివారం విందులకి వచ్చేవాళ్ళూ, తెల్లవారుజామున గంప దించేవాళ్ళూ ఒకే దారిలో వెళుతుంటారు. కథకి ఇంకేం కావాలి?

ఇక నా జంట. మొయినాబాద్ స్టేషనులో కొత్తగా వచ్చిన ఎస్సై అమ్మాయి. ఆడపిల్ల ఎస్సై ఏమిటి అనకండి. చేవెళ్ళనుంచి శాసనసభకి వెళ్ళిన సబితా ఇంద్రారెడ్డిగారు 2009లో ఉమ్మడి రాష్ట్రానికి హోం మంత్రి అయ్యారు. ఒక రాష్ట్రానికి ఆడమనిషి హోం మంత్రి కావడం దేశంలో అదే మొదలని అప్పుడు చెప్పుకున్నారు. రెండోవాడు చేవెళ్ళ స్టేషనులో రిటైరు కాబోతున్న హెడ్డుగారు. అమ్మాయికి సెక్షన్లన్నీ కంఠతా. ఆయనకి మనుషులందరూ కంఠతా. ఎవరి బావిలో నీళ్ళెన్నో, ఎవరి కూతురు ఎవరితో మాట్లాడటం మానేసిందో ఆయనకి తెలియనిది లేదు.

ఒక రాత్రి ఒక తల్లి చేవెళ్ళ స్టేషనుకి వస్తుంది. ఫామ్ హౌసులో పనికి వెళ్ళిన కూతురు ఇంటికి రాలేదు.

“గా ఫామ్ హౌసు మా లిమిట్ల లేదమ్మా. మొయినాబాద్ పో,” అంటాడు హెడ్డుగారు.

మొయినాబాద్ వెళితే, “మీ ఊరు చేవెళ్ళ కదమ్మా, అక్కడే ఇవ్వాలి,” అంటుంది ఎస్సై అమ్మాయి.

“లిమిట్లు నాకేం ఎరుక బిడ్డా! నా పిల్ల యాడున్నదో చెప్పుండ్రి,” అని ఆ తల్లి గడపలోనే కూలబడుతుంది.

అక్కడినుంచి ఇద్దరూ కలిసి వెతకక తప్పదు. నా సినిమాలో ఆ పిల్ల బతికే దొరుకుతుంది. రాసేదాన్ని కదా, ఆ మాత్రం అధికారం నాకుంది.

బతుకులో ఆ అధికారం ఎవరికీ లేదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు ఇంటికి రాలేదు. దిశ అని తర్వాత పేరు పెట్టుకున్నాం. వెతుక్కుంటూ వెళ్ళిన ఇంటివాళ్ళకి ఆ రాత్రి ఎదురైన మాట కూడా ఇదే: ఇది మా పరిధి కాదు, ఆ స్టేషనుకి వెళ్ళండి. ఆలస్యానికి ముగ్గురు పోలీసుల్ని సస్పెండు చేశారు. ఆ అమ్మాయి తిరిగి రాలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులమీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. అలా పంచినవాళ్ళలో మనలాంటి తల్లులూ ఉన్నారు. వాళ్ళ కడుపుమంట నాకు తెలుసు. ఆడపిల్లని కన్న ఎవరికి తెలియదు? కాని సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసులమీద హత్య విచారణ జరగాలనీ ఆ నివేదిక చెప్పింది. ఆ నలుగురూ దోషులో కాదో కోర్టు తేల్చే అవకాశమే లేకుండా పోయింది.

అంటే తొమ్మిది రోజుల తేడాలో మనం రెండు చూశాం. మొదటి రాత్రి పోలీసులు ఒకరితో ఒకరు కలవలేదు. చివరి తెల్లవారుజామున, కమిషను మాట ప్రకారం, బాగా కలిశారు. కలవకపోవడమూ ఆడపిల్లకి మేలు చెయ్యలేదు, కలవడమూ చెయ్యలేదు. మరి మనం తెరమీద చూసి మురిసే ఆ కలయికకి విలువ ఎక్కడినుంచి వస్తోంది?

నాకు తోచేది ఇది. ఇద్దరి స్నేహానికి విలువ ఆ ఇద్దరిలో ఉండదు, మూడో మనిషిలో ఉంటుంది. తోడికోడళ్ళిద్దరూ కలిసి ఆకలిగా ఉన్న పిల్లవాడికి అన్నం పెడితే ఆ కలయిక మంచిది. ఇద్దరూ కలిసి మూడో కోడల్ని ఏడిపిస్తే, వాళ్ళు ఎంత అన్యోన్యంగా ఉంటే అంత పాడు. ఇంటి గుట్టు అని ఒక మాటుంది మనకి. ఆ గుట్టు చాటున ఎన్ని గదుల్లో ఎందరు ఆడవాళ్ళు నోరు మూసుకున్నారో లెక్క లేదు. స్టేషను గుట్టు కూడా అలాంటిదే. జతగాణ్ణి కాపాడాలి, డిపార్టుమెంటు పరువు కాపాడాలి అనుకున్నవాళ్ళకి గడపలో కూలబడిన తల్లి కనబడదు. ఒకరికొకరు ప్రాణమిచ్చే ఇద్దరు, మూడో మనిషి ప్రాణం తియ్యడానికి కూడా ఏకమవగలరు. స్నేహం దానంతటది ధర్మం కాదు. ధర్మానికి అది మంచి వాహనం, అంతే. జీపులాగ. ఎటు తోలితే అటు పోతుంది.

ఇలా అంటే మా ఇంట్లో మగవాళ్ళు, “సినిమాని సినిమాలా చూడలేవా?” అంటారు. చూడగలను. 2024 సెప్టెంబరులో వచ్చిన ‘మత్తు వదలరా 2’ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. మనకి 2014లో వచ్చిన షీ టీములు తెలుసు కదా, ఆ సినిమాలో ‘హీ టీమ్’! అందులో చేరిన ఇద్దరు జతగాళ్ళు కిడ్నాపు కేసుల్లో సొమ్ము కొంత నొక్కేస్తుంటారు. మనం వాళ్ళ పక్షమే. ఎందుకంటే ఆ సినిమా వాళ్ళని మహాత్ములుగా నిలబెట్టదు. తప్పు చేస్తున్నారని మనకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు, ఆ తప్పే వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. 2023లో మలయాళం కథని తెలుగు చేసిన ‘కోట బొమ్మాళి పి.ఎస్.’లో పోలీసులు తమ డిపార్టుమెంటునుంచే పారిపోవలసివస్తుంది. నిన్నటిదాకా వేటాడినవాళ్ళకి వేటాడబడటం ఎలా ఉంటుందో తెలుస్తుంది. నవ్వించేదీ భయపెట్టేదీ ఏదయినా పరవాలేదు. నాకు నచ్చనిదల్లా, ఇద్దరు స్నేహితులు కలిసి లాకప్పులో ఒక దిక్కులేనివాణ్ణి చితక్కొడుతుంటే వెనకనుంచి హుషారు సంగీతం వాయించే సినిమా. అది మన చేత పూలు చల్లించడం అలవాటు చేస్తుంది.

ఇక నా కథకి ముగింపు చెప్పనే లేదు. పిల్ల దొరికింది. కాని రెండు రోజులు ఆలస్యంగా. ఎందుకంటే హెడ్డుగారికి మొదటిరోజే ఒక సంగతి తెలుసు. ఆ ఫామ్ హౌసు ఆసామి ఒకప్పుడు ఆయన కూతురి పెళ్ళికి తోట ఇచ్చాడు. ఆ మొహమాటంతో ఆయన ఒక మాట మింగేశాడు. ఈపాటికి ఆయనా, ఎస్సై అమ్మాయీ ఒకే డబ్బాలో అన్నం తినేంత దగ్గరయ్యారు. “రిటైర్మెంటుకి నాలుగు నెలలే ఉన్నది మేడం,” అంటాడాయన, మర్రిచెట్టుకింద జీపు ఆపి. మామూలు సినిమాలో అయితే ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని కాగితం చింపేస్తుంది. మనమూ కళ్ళు తుడుచుకుంటాం. నా సినిమాలో చింపదు. ఉన్నదున్నట్టు కేసు డైరీలో రాస్తుంది. రాసి, ముందు ఆయనకే చూపిస్తుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మెల్లిగా చదివి, “ఈడ తారీకు తప్పు పడ్డది మేడం, సరిజేయుండ్రి,” అంటాడు.

అది స్నేహం కాదంటారా? నా మట్టుకు నాకు, స్నేహం అంతకన్నా పైకి వెళ్ళలేదనిపిస్తుంది.

ఇప్పుడు చట్టంలోనూ ఆ తల్లికి కొంత ఆధారం ఉంది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టవలసిన నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తమ పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఈ మాట మన ఇళ్ళల్లో ఆడపిల్లలకీ, పనిచేసే అమ్మాయిలకీ చెప్పి ఉంచడం మంచిది. అయితే సెక్షను కాగితమ్మీద ఉంటుంది, గడప దగ్గర ఉండేది మనిషే. ఆ మనిషి తన పక్కనున్న జతగాడి మొహం చూస్తాడా, ఎదురుగా కూలబడిన తల్లి మొహం చూస్తాడా అన్నదే అసలు సంగతి.

అందుకని, ఈసారి మధ్యాహ్నం మీరు ఇలాంటి సినిమా పెట్టుకుంటే హాయిగా చూడండి. ముందు సీట్లో ఇద్దరూ కీచులాడుకుంటుంటే నవ్వండి, కలిసిపోతే కళ్ళు తుడుచుకోండి. మధ్యలో ఒక్కసారి మాత్రం వెనక సీటు వైపు చూడండి. అక్కడ ఎవరున్నారు? వాళ్ళని ఇల్లు చేర్చడానికా ఈ ఇద్దరూ కలిసింది, లేక దారిలో దించెయ్యడానికా?

అలా చూడటం అలవాటైతే, సినిమా అయిపోయాక మన ఇంట్లో కూడా చూడాలనిపిస్తుంది.